తెలుగునకు లెక్క నేర్పిన పావులూరి మల్లన

గుడిపాడ్వా, ఉగాది ఒకేనాడు వచ్చు ఈ చంద్రపూర్‌లో మన పిల్లలు ఎక్కాలను మరాఠీలోనో ఆంగ్లములోనో వల్లె వేయుదురు. తెలుగు ఇంటిమాటకే గాని లెక్కకు చాలదని వారు తలచు ప్రమాదమున్నది. అందుచేత ఈ పండుగనాడు పావులూరి మల్లనను మనము స్మరింపదలచినాము.

తొమ్మిది వందల ఏండ్లకు పైబడిన మాట. నన్నయచేత భారతమును తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడే మల్లన వంశమువారికి పిఠాపురము చెంతనున్న నవఖండవాడను ఇచ్చినాడు. అప్పటికి శాస్త్రమన్న సంస్కృతమే. 850 ప్రాంతమున, విదర్భను కూడ ఏలిన రాష్ట్రకూటుల కాలములో, జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహము రచించినాడు. మల్లన దానిని చేపట్టి, సారసంగ్రహ గణితము అను పేర తెలుగు పద్యములలో వ్రాసినాడు. తెలుగులో మొదటి గణితగ్రంథమిదే.

అది మక్కికిమక్కి తెనిగింపు కాదు. వర్గము, ఘనము కట్టుటకు మూలములో పెక్కు పద్ధతులుండగా కొన్నిటిని విడిచినాడు. గుణకార భాగహారములకు క్రొత్త ఉదాహరణలు చేర్చినాడు. జైన ప్రస్తావనలకు బదులు శివుని నిలిపినాడు.

చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, తరువాతి ప్రతి గడిలో దానికి రెట్టింపు పెట్టుచు పోయిన, 64 గళ్లలో మొత్తము 18446744073709551615 గింజలగును. ఈ 20 అంకెలను ఒక్క పద్యములో ఇమిడ్చిన ఘనత మల్లనదేనని ప్రసిద్ధి. శశి అన్న 1, వేదములన్న 4, శరములన్న 5. ఇట్లు పేర్లతో అంకెలను చెప్పి, కుడినుండి ఎడమకు పేర్చుకొనవలెను.

64 బిట్లలో కంప్యూటరు నిలుపగల అతి పెద్ద పూర్ణసంఖ్యయు ఇదియే! కంప్యూటరు భాషలో లేని గణితక్రియ కావలసివచ్చినప్పుడు, ప్రోగ్రాము వ్రాయువారు దానికొక పేరు పెట్టి, చేయు విధము చెప్పి, ఆ భాషలో చేర్చుకొందురు. ఆపైన కూడిక, తీసివేతలవలె దానిని పేరుతో పిలిచిన చాలును. మల్లనయు తెలుగునకు చేసినది అట్టి పనియే. లెక్కకు కావలసిన పేర్లను, నియమములను తెచ్చి మన భాషలో నిలిపినాడు.

మరాఠీ, ఆంగ్లము మన పిల్లలకు అన్నము పెట్టు భాషలు, వానిని మానుమనము. కాని ఈ ఉగాదికి ఇంట గళ్లు గీసి, ఒక్క గింజతో మొదలిడి, తెలుగులో రెట్టింపులు చెప్పింతము. ఇరువది యొకటవ గడికే పది లక్షలు దాటును. పని చెప్పిన భాషయే బ్రతుకును.