జాన్ క్విన్సీ ఆడమ్సు

అమెరికా సంయుక్త రాష్ట్రములకు అధ్యక్షుడై, ఆ పదవి ముగిసిన పిదప సామాన్య ప్రతినిధిగా శాసనసభయందు పదునేడేండ్లు దేశసేవ చేసినవాడు జాన్ క్విన్సీ ఆడమ్సు. ఈ మహాశయుని కీర్తి మొదటి పదవివలన గాక, ఈ రెండవ కొలువువలననే స్థిరపడినది.

ఈయన 1767వ సంవత్సరము జూలై 11వ తేదీన మసాచుసెట్సునందు జన్మించెను. తండ్రియైన జాన్ ఆడమ్సు ఆ దేశమునకు రెండవ అధ్యక్షుడు. కుమారుడు బాల్యముననే తండ్రివెంట ఐరోపాకు పోయి పెక్కు భాషలు నేర్చెను. పిమ్మట రాయబారిగను, విదేశాంగ మంత్రిగను పనిచేసి, 1825లో ఆరవ అధ్యక్షుడయ్యెను. 1828 నాటి యెన్నికలో ఓడిపోయెను. మరియొకడైనచో ఇంటిపట్టున విశ్రమించియుండును. ఆడమ్సు 1831లో ప్రతినిధి సభను ప్రవేశించెను.

ఆనాడు ఆ దేశమున ఇరువది లక్షలకు పైగా ఆఫ్రికా సంతతివారు బానిసలై యుండిరి. దక్షిణ రాష్ట్రముల ప్రత్తితోటల సంపద వారి శ్రమపైననే నిలిచియుండెను. బానిసత్వమును మాన్పుడని ఉత్తర రాష్ట్రముల స్త్రీపురుషులు వేలకొలది విజ్ఞప్తులు సభకు పంపుచుండిరి. దక్షిణ ప్రతినిధులకు ఇది కంటగింపయ్యెను. అట్టి విజ్ఞప్తులను చదువకయు, చర్చింపకయు మూల నుంచవలయునని 1836లో సభ తీర్మానించెను. జనులు దీనిని నోరుకట్టు నిబంధన యనిరి.

ప్రజలు మొరపెట్టుకొను హక్కు రాజ్యాంగదత్తమనియు, దానిని హరింప సభకు అధికారము లేదనియు ఆడమ్సు వాదించెను. ఏటేట విజ్ఞప్తులు తెచ్చుచునే యుండెను. 1842లో హేవరిల్ పురవాసులు కొందరు రాష్ట్రముల ఐక్యమునే రద్దుపరుపుడని వ్రాసిన పత్రమును ఆయన సభ ముందుంచెను. ఆ కోరిక ఆయనకు సమ్మతము కాదు. అయినను దానికి తగిన సమాధానము చెప్పుట సభ ధర్మమని ఆయన యభిప్రాయము. ప్రతిపక్షులు ఆయనపై అభిశంసన తీర్మానము తెచ్చిరి. డెబ్బదినాలుగేండ్ల వృద్ధుడు దినములతరబడి ఒంటరిగా నిలిచి వాదింపగా, తుదకు సభ 106 మంది సమ్మతితో ఆ తీర్మానమును ప్రక్కకు నెట్టెను. 93 మంది ఎదిరించిరి. 1844 డిసెంబరు 3వ తేదీన ఆ నిబంధనయే రద్దయ్యెను.

ఈ నడుమనే, 1841లో, అమిస్టాడ్ అను ఓడలో బందీలైన ఆఫ్రికనుల పక్షమున ఆయన సుప్రీముకోర్టులో వాదించెను. కోర్టు వారిని స్వతంత్రులని తీర్పు చెప్పెను.

1848 ఫిబ్రవరి 21వ తేదీన ఆడమ్సు సభలో తన స్థానముననే కూలిపోయెను. రెండు దినములకు ఆ భవనమునందే మరణించెను. నాటి సభ్యులలో అబ్రహాము లింకను ఒకడు. 1861లో అంతర్యుద్ధము పుట్టెను. 1865లో బానిసత్వము అంతరించెను.

విద్యార్థులారా! ఆడమ్సు ఆ దినమును చూడలేదు. కాని నోరులేనివారి మొర సభలో వినబడు మార్గమును మూయనీయక కాపాడెను. అధికారము పోయిన పిదప మనుష్యుడు చేయు పనియే ఆతని నిజమైన కొలత.