గోదావరి నీళ్లు మోసిన రాజ్యలక్ష్మమ్మ

వీరేశలింగం పంతులుగారు ఎవరో తెలియనివాళ్లు మనలో ఉండరు. బడిలో ఆయన పాఠం చదువుకున్నాం, పరీక్షల్లో రాశాం. మొదటి వితంతు వివాహం ఎప్పుడు జరిగిందని అడిగితే 1881 డిసెంబరు 11 అని ఠక్కున చెప్పేస్తాం. ఆ పెళ్లికి వంట ఎవరు చేశారు, నీళ్లు ఎవరు తెచ్చారు అని మాత్రం ఏ పరీక్షలోనూ అడగలేదు. నాకు ఆ ప్రశ్నే ముఖ్యమనిపిస్తుంది. జవాబు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ.

ఆవిడ 1851లో పుట్టారు. పుట్టిల్లు రాజమండ్రి పక్కనున్న కాతేరు. పుట్టింటివారు పెట్టుకున్న పేరు బాపమ్మ. అత్తింటికి వచ్చాక రాజ్యలక్ష్మి అయ్యారు. ఆనాటి ఆచారం ప్రకారం చిన్నతనంలోనే పెళ్లయిపోయింది. కట్టుకున్నాయన నలుగురూ నడిచే దారిలో నడిచే మనిషి కాదు. 1874లోనే ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. వివేకవర్ధని పత్రిక పెట్టి పెద్దమనుషుల తప్పులన్నీ ఎండగట్టారు. అలాంటి ఆయనతో కాపురం అంటే ఊరందరితో విరోధమే కదా!

గౌరమ్మ అనే బాలవితంతువుకు గోగులపాటి శ్రీరాములుతో పెళ్లి నిశ్చయమయ్యేసరికి రాజమండ్రి అట్టుడికిపోయింది. పెళ్లికి వెళ్లినవాళ్లను వెలివేస్తామన్నారు. పంతులుగారి శిష్యులు కాపలాకి నిలబడ్డారు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బిచ్చి ఆదుకున్నారు. ఇవన్నీ చరిత్రకెక్కాయి, ఎక్కవలసినవే.

అయితే వెలి అన్నమాట పుస్తకంలో చూస్తే రెండక్షరాలే. అది ఇంట్లో ఎక్కడ తగులుతుందో ఆడవాళ్లకే తెలుస్తుంది. వంటవాళ్లు మానేశారు. నీళ్లు తెచ్చేవాళ్లు రామన్నారు. తెల్లారి లేస్తే ఇంటినిండా మనుషులు, తాగడానికి చుక్క నీళ్లు లేవు, పొయ్యి దగ్గర సాయానికి ఒక్కరు లేరు. సభలో ఉపన్యాసం ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు, అన్నం ఆలస్యమైతే ఎలా?

రాజ్యలక్ష్మమ్మ బిందె తీసుకుని గోదావరికి వెళ్లారు. నీళ్లు మోసుకొచ్చారు. అంతమందికీ తనే వండి వడ్డించారు. అప్పటికి ఆవిడకు ముప్ఫై ఏళ్లు. ఈ గొడవ మనకెందుకండీ అని భర్తను నిలదీసి ఉంటే ఆ రోజుల్లో ఎవరూ తప్పుపట్టేవారు కాదు. పైగా బుద్ధిమంతురాలు అనేవారు. ఆవిడ ఆ మాట అనలేదు.

నాలుగు రోజులకే రెండో పెళ్లి జరిగింది. ఆ తరువాత మరెన్నో. తాళి కట్టడంతో కథ అయిపోదు కదా. పెళ్లి చేసుకున్న ఆ జంటలను అయినవాళ్లు గడప తొక్కనివ్వలేదు. ఆ పిల్లలకు పుట్టిల్లు పంతులుగారి ఇల్లే. పిల్లలు లేని రాజ్యలక్ష్మమ్మ వాళ్లందరికీ అమ్మయ్యారు. శరణు కోరి వచ్చిన వితంతువుల బాగోగులు కూడా ఆవిడే చూసుకున్నారు. దంపతులు తమ ఆస్తిని కూడా ఉంచుకోలేదు. హితకారిణీ సమాజం ద్వారా ప్రజల మేలుకే వదిలేశారు.

ఆవిడ 1910 ఆగస్టులో కన్నుమూశారు. పంతులుగారు 1919 దాకా ఉన్నారు. ఆయనలో నాకు నచ్చే గుణం ఒకటుంది. స్వీయచరిత్రలో భార్య పడిన శ్రమను దాచలేదు. ఎవరూ తోడులేని వేళ ఆవిడ చేసిన చాకిరీని చెప్పారు. తన గొప్పతనమంతా తనదే అని రాసుకుంటే కాదనేవాళ్లెవరు?

మనం సాధారణంగా ఏం చేస్తాం? సహధర్మచారిణి అని ఒక పెద్ద మాట వేసి దండం పెట్టేస్తాం. ఆ మాట చాటున బిందె కనిపించదు, పొగచూరిన వంటిల్లు కనిపించదు, ఊరంతా మొహం తిప్పుకుంటుంటే తలవంచకుండా రేవుకి నడిచిన ఆ ధైర్యమూ కనిపించదు. కృతజ్ఞత అంటే పొగడ్త కాదనిపిస్తుంది నాకు. ఎవరు ఏ పని చేశారో, పేరుపెట్టి నలుగురిలో చెప్పడం.

మీ పిల్లలు వీరేశలింగంగారి పాఠం చదువుతుంటే ఒక్క నిమిషం పక్కన కూర్చోండి. ఆ పెళ్లికి నీళ్లు ఎవరు తెచ్చారో చెప్పండి. అలాగే మన వెనకాల ఉండి మన బరువు మోసినవాళ్లు, అత్తగారో, పక్కింటి పిన్నిగారో, రోజూ వచ్చే పనిమనిషో, ఎవరైనా కానివ్వండి. వాళ్లు వినగలిగినప్పుడే ఆ మాట వాళ్లతో చెప్పేద్దాం.