మీర్‌పేట్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎస్సైలకు తెలిసిన పేరు.. ఎవరీ కొత్వాల్ వెంకట్రామారెడ్డి?

మీర్‌పేట్, ఎల్బీ నగర్ లాంటి స్టేషన్లకు వచ్చే ఎస్సైలు ట్రైనింగ్ తీసుకునేది హిమాయత్‌సాగర్ దగ్గరి పోలీస్ అకాడమీలో. దానికి రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి పేరే పెట్టారు.

1869లో పాలమూరు ప్రాంతంలో పుట్టిన ఆయన చిన్న వయసులోనే నిజాం పోలీసు శాఖలో అమీన్‌గా, అంటే ఇప్పటి ఎస్సైలాంటి ఉద్యోగంలో చేరారు. 1920లో హైదరాబాద్ కొత్వాల్ అయ్యారు. నిజాం హయాంలో ఆ కుర్చీ ఎక్కిన తొలి హిందువు ఆయనే. ఇప్పటి లెక్కలో సిటీ కమిషనర్ అన్నమాట. మీర్‌పేట్ అప్పటికి నగరం బయటి పల్లె.

అవి మామూలు రోజులు కావు. ఖిలాఫత్ ఉద్యమం ఊపు మీద ఉంది. 1921 నవంబర్‌లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఓడ దిగగానే బొంబాయిలో అల్లర్లు చెలరేగాయి. రెండు నెలలకే ఆయన హైదరాబాద్ వచ్చారు. బందోబస్తు భారం కొత్వాల్‌దే. పర్యటన ప్రశాంతంగా ముగిసింది. 1934 వరకు, ఏకంగా 14 ఏళ్లు ఆయన ఆ పదవిలో ఉన్నారు.

లాఠీతోనే సరిపెట్టలేదు. పల్లెల నుంచి చదువుకోసం వచ్చే పిల్లలకు నగరంలో నీడ లేదని 1918లోనే రెడ్డి హాస్టల్ పెట్టించారు. విచిత్రం ఏమిటంటే, నిజాంపై సాయుధ పోరాటం నడిపిన రావి నారాయణరెడ్డి కూడా ఆ హాస్టల్ విద్యార్థే. ఆ పోరాటాన్నీ, నిజాం పాలన అంతాన్నీ చూసిన కొత్వాల్ 1953 జనవరిలో కన్నుమూశారు.