ప్రజలిచ్చిన పీఠము: నందమూరి తారక రామారావుగారి జీవితము

పూర్వము మన కోలారు సీమ సంతలలో రాగులను సేరుతో కొలిచి ఇచ్చుచుండిరి. ఇచ్చునప్పుడు ఒక సేరు, పుచ్చుకొనునప్పుడు వేరొక సేరు చేతబట్టు వర్తకుని అంగడికి రెండవమారు ఎవరును పోయెడివారు కారు. లాభము వచ్చినను, నష్టము వచ్చినను కొలత మారరాదు. రాజ్యవ్యవహారములందును ఈ నీతియే వర్తించును. ప్రజలెన్నుకొన్న నాయకుడు పదవియందుండుటకు అర్హుడా, కాడా యను సందేహము కలిగినప్పుడు దానిని ఏ కొలతతో తేల్చవలెను? ఆ కొలత ఎవరి చేతిలో నుండవలెను? ఈ ప్రశ్నను మన కన్నుల ఎదుట నిలుపు జీవితము తెలుగువారిలో ఒకటి కలదు. అది నందమూరి తారక రామారావుగారిది. వారు రెండు పర్యాయములు ముఖ్యమంత్రి పీఠమునుండి దింపబడిరి. మొదటిసారి ఆ కొలత వారిని నిలబెట్టెను. రెండవసారి అదే కొలత వారికి ప్రతికూలమయ్యెను. ఆ కథను మా బాలబాలికలకును, వారి తల్లిదండ్రులకును ఈ సంచికలో చెప్పదలచితిమి.

రామారావుగారు 1923 మే 28వ తేదీన కృష్ణా జిల్లాలోని నిమ్మకూరు గ్రామమున సేద్యపు కుటుంబములో జన్మించిరి. తండ్రి లక్ష్మయ్యగారు, తల్లి వెంకట్రామమ్మగారు. ఉన్నత విద్యకై విజయవాడ చేరిరి. ఇంట ఇబ్బందులు కలుగగా హోటళ్లకు పాలు పోసి కుటుంబమునకు తోడ్పడిరి. కళాశాలలో వారికి తెలుగు గురువు కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణగారు. ఒకప్పుడు నాటకమున నాగమ్మ వేషము వేయవలసి రాగా, రామారావుగారు మీసము తీయుటకు ఒప్పుకొనక, మీసముతోడనే రంగస్థలమెక్కిరి. తోటివారు మీసాల నాగమ్మ యని పేరు పెట్టి నవ్వుకొనిరి. పట్టిన పట్టు విడువని ఈ గుణము వారికి జీవితమంతయు మేలును చేసెను, కీడును చేసెను.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఏ. ముగించి, 1947లో సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగమున చేరిరి. మూడు వారములు గడచునంతలో దానిని విడిచి మదరాసు చేరి చలనచిత్రములలో ప్రవేశించిరి. 1949లో విడుదలయిన మనదేశము వారి మొదటి చిత్రము. అందు వారిది పోలీసు అధికారి పాత్ర. 1951లో పాతాళభైరవి వచ్చెను. 1957లో మాయాబజారున శ్రీకృష్ణుడుగా, 1963లో లవకుశలో శ్రీరాముడుగా కనిపించిన పిదప తెలుగునాట ఇంటింట వారి రూపమే దేవుని రూపమయ్యెను. మన జిల్లా పల్లెలలోని టెంటు సినిమాలలో నేలమీద కూర్చుండి ఆ చిత్రములను చూచిన పెద్దలు మీ ఇండ్లలో నేటికిని కొందరుందురు. వారినడిగిన మా కంటె బాగుగ చెప్పగలరు.

సుమారు మూడువందల చిత్రములలో నటించి, ధనమును కీర్తిని ఆర్జించిన పిదప, అరువది యేండ్లు సమీపించుచుండగా రామారావుగారు రాజకీయములలో అడుగుపెట్టిరి. 1982 మార్చి 29వ తేదీన హైదరాబాదులో తెలుగుదేశము పార్టీని స్థాపించిరి. ఆనాడు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రులను ఢిల్లీలోని పెద్దలు తరచుగా మార్చుచుండిరి. ఎన్నుకొన్నవారు ఇచ్చట, దింపువారు అచ్చట అను బాధ ప్రజలలో నుండెను. తెలుగువారి ఆత్మగౌరవమే తమ పార్టీకి పునాదియని రామారావుగారు చాటిరి. పాత షెవర్లే వాహనమునొకదానిని చైతన్యరథముగ మార్చుకొని, దానిపై నిలిచి ఊరూర ప్రసంగించిరి. రోడ్డు ప్రక్కనే స్నానము, అచ్చటనే భోజనము, వాహనములోనే నిద్ర. పార్టీ పుట్టిన తొమ్మిది నెలలకు, 1983 జనవరిలో జరిగిన ఎన్నికలలో 294 స్థానములకు గాను సుమారు 200 స్థానములను ఆ పార్టీ గెలిచెను. 1956లో రాష్ట్రమేర్పడిననాటి నుండి ఏలుచున్న కాంగ్రెసు తొలిసారిగ ఓడెను. జనవరి 9వ తేదీన రామారావుగారు ముఖ్యమంత్రిగ ప్రమాణము చేసిరి.

వారి పాలనలో కిలో బియ్యము రెండు రూపాయలకు పేదలకు లభించెను. వంశపారంపర్యముగ వచ్చుచున్న కరణము, మునసబు పదవులు రద్దయ్యెను. తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయము, హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయము వెలసెను. ఆడపిల్లలకు పిత్రార్జితమున సమాన భాగము కల్పించు చట్టము వచ్చెను. అయితే వారి నిర్ణయములన్నియు అందరికిని రుచించినవి కావు. ప్రభుత్వోద్యోగుల పదవీవిరమణ వయస్సును 58 నుండి 55 ఏండ్లకు తగ్గించగా ఉద్యోగులు సమ్మె కట్టిరి. సహచరులతో ఆలోచింపక ఒంటరిగ నిర్ణయించు అలవాటు వారిలో మొదటినుండియు కలదు.

1984లో హృదయ శస్త్రచికిత్సకై రామారావుగారు అమెరికా వెళ్లిరి. తిరిగి వచ్చిన రెండు దినములకే, ఆగస్టు 16వ తేదీన, గవర్నరు రామలాల్‌గారు వారిని పదవినుండి తొలగించి, వారి మంత్రివర్గములోని ఆర్థికమంత్రి నాదెండ్ల భాస్కరరావుగారిని ముఖ్యమంత్రిగ నియమించిరి. శాసనసభ్యులలో అధికసంఖ్య తమవైపు కలదని భాస్కరరావుగారు చెప్పిన మాటను గవర్నరు స్వీకరించిరి. వెంటనే శాసనసభను పిలిచినచో తమ బలము నిరూపింతునని రామారావుగారు కోరిరి. ఆ కోరిక చెల్లలేదు. క్రొత్త ముఖ్యమంత్రికి మాత్రము బలనిరూపణకు ఒక నెల గడువు లభించెను. రామారావుగారు తమ సభ్యులను వెంటబెట్టుకొని రాజభవనమునకు పోయి, వారిని లెక్కించుకొనుడని వేడిరి. లెక్కించుటకు మారుగా పోలీసులు వారిని నిర్బంధించిరి.

విద్యార్థులారా, ఇచ్చట ఒక విషయము గమనింపుడు. ఆనాడు వివాదము రామారావుగారు మంచి పాలకులా, కారా యని కాదు. సభలో ఎవరికెంత బలము కలదను లెక్కను ఎచ్చట వేయవలెనన్నదే వివాదము. గవర్నరు గదిలోనా, శాసనసభలోనా? గవర్నరు గదిలో వేసిన లెక్కను సరిచూచువారెవరును లేరు. సభలో వేసిన లెక్క ఎల్లరకు కనబడును.

శస్త్రచికిత్స గాయము మానకమునుపే రామారావుగారు చక్రముల కుర్చీలో ఢిల్లీకి పోయి, నూటయరువదికి పైగా శాసనసభ్యులను రాష్ట్రపతి జైల్‌సింగ్‌గారి ఎదుట నిలిపిరి. 294లో సగము 147 గదా! పిదప ఆ సభ్యులు ప్రలోభములకు లోనుగాకుండ వారిని మన కర్ణాటక రాష్ట్రమునకు తరలించిరి. అప్పుడు ఇచ్చట ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డేగారు. బెంగుళూరు ప్రాంతమునను, మైసూరునను వారికి ఆశ్రయము లభించెను. తెలుగువారి తీర్పును కాపాడుటలో కన్నడ నాడు తోడుపడిన ఆ దినములను ఈ నేలపై తెలుగు చదువుకొను మనము మరువరాదు.

దేశమంతట ఆందోళన చెలరేగెను. రామలాల్‌గారు రాజీనామా చేయగా శంకర్ దయాళ్ శర్మగారు గవర్నరుగ వచ్చిరి. సెప్టెంబరులో సభ సమావేశమయినను గందరగోళము వలన బలపరీక్ష జరుగలేదు. భాస్కరరావుగారు బలమును నిరూపింపలేకపోయిరి. సెప్టెంబరు 16న, సరిగా నెల నిండిన దినమున, రామారావుగారు మరల ముఖ్యమంత్రియై, ఆ నెలలోనే సభా విశ్వాసమును పొందిరి. అంతటితో తృప్తిపడక సభను రద్దుచేయించి, 1985 మార్చిలో ప్రజల యొద్దకే మరల పోయి 202 స్థానములు గెలిచిరి. ఆ ఎన్నికలో వారు నిలిచిన నియోజకవర్గములలో హిందూపురము ఒకటి. అది నాటి మన కోలారు జిల్లాలోని గౌరీబిదనూరునకు పొరుగు పట్టణము.

ఈ కొలత తెలుగువారికొక్కరికే సంబంధించినది కాదు. 1989లో మన కర్ణాటక ముఖ్యమంత్రి ఎస్. ఆర్. బొమ్మాయిగారిని సభలో బలము నిరూపించుకొననీయక తొలగించిరి. అందుకు సిఫారసు చేసిన గవర్నరు పెండేకంటి వెంకటసుబ్బయ్యగారు తెలుగువారే. 1984లో తెలుగు ముఖ్యమంత్రికి కన్నడ ప్రభుత్వము తోడుకాగా, అయిదేండ్లకు కన్నడ ముఖ్యమంత్రి తెలుగు గవర్నరు వలన పదవి కోల్పోయెను. న్యాయమునకు గాని, అన్యాయమునకు గాని భాషాభేదము లేదని దీనివలన తెలియుచున్నది. బొమ్మాయిగారు న్యాయస్థానమునకెక్కిరి. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు, ప్రభుత్వ బలమును పరీక్షింపవలసిన స్థలము శాసనసభయే యని తీర్పు చెప్పెను. రామారావుగారు పదియేండ్ల క్రిందట రాజభవనము వాకిట కోరినది అదియే. అట్టి కట్టుబాటు నిలువని దేశములలో ఏమగునో తాయ్‌లాండు చూపినది. అచ్చట ప్రజలెన్నుకొన్న ప్రధాని తక్సిన్ షినవత్ర న్యూయార్కులో నుండగా 2006 సెప్టెంబరు 19న సైన్యము వారి ప్రభుత్వమును కూలద్రోసెను. కొలత తుపాకి చేతికి పోయెను. ఆ తగవు ఏండ్ల తరబడి ఆ దేశమును చీల్చెను.

ఇక కథలో రెండవ భాగము. ఇది చెప్పుట కష్టము. అయినను చెప్పక మానరాదు. 1989లో రామారావుగారు బడ్జెటు రహస్యము వెల్లడియైనదని ఒక్కమారుగ తమ మంత్రులనందరను తొలగించిరి. ఆ యేడాది చివర ఎన్నికలలో ఓడిరి. హిందూపురము మాత్రము వారిని విడువలేదు. అయిదేండ్లు ప్రతిపక్షమున నుండి, 1994 డిసెంబరులో 216 స్థానములతో మరల గెలిచి, మద్యనిషేధమును అమలు చేసిరి. బసవతారకముగారు గతించిన కొన్ని యేండ్లకు, 1993లో, వారు లక్ష్మీపార్వతిగారిని వివాహమాడియుండిరి. ఆమె పార్టీ వ్యవహారములలో జోక్యము చేసికొనుచున్నారని పలువురు శాసనసభ్యులు అసంతృప్తి చెందిరి. 1995 ఆగస్టులో అధికసంఖ్యాకులైన సభ్యులు హైదరాబాదులోని ఒక హోటలులో చేరి, రామారావుగారి అల్లుడును, మంత్రియునైన నారా చంద్రబాబునాయుడుగారిని తమ నాయకునిగ ఎన్నుకొనిరి. రామారావుగారు చైతన్యరథముపై ఆ హోటలు ముందునకు పోయి వారిని పిలువగా, లోపలివారు రాలేదు. వారిపై చెప్పులు పడెను. సభను రద్దుచేసి ఎన్నికలు జరుపుడని వారు సిఫారసు చేయగా గవర్నరు కృష్ణకాంత్‌గారు అంగీకరింపలేదు. నెలాఖరున రామారావుగారు రాజీనామా చేసిరి. సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రియై, సభలో విశ్వాసమును పొందిరి.

ఇది న్యాయమా, అన్యాయమా? మేము ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రప్రదేశమున నున్న దినములలో ఈ ప్రశ్న లేచినచో భోజనశాలలో కంచములు చల్లారిపోయెడివి. ఓట్లు రామారావుగారి ముఖము చూచి పడినవి గావున వారిని దింపుటకు సభ్యులకు అధికారము లేదని ఒక పక్షము. ప్రజలు సభ్యులను ఎన్నుకొనిరి, సభ్యులు నాయకుని ఎన్నుకొనిరి గావున మార్చుటకు వారికే అధికారము కలదని మరియొక పక్షము. మేము ఇరుపక్షముల వాదములు వింటిమి. ఏ పక్షమునందును అసత్యము కనబడలేదు.

అయినను మాకు తోచినది చెప్పెదము. 1984లో సభలోని లెక్కయే ప్రమాణమని మనము సంతోషించితిమి. 1995లో ఆ లెక్కయే మనకిష్టుడైన నాయకునికి ఎదురు తిరిగినదని దానిని కాదనరాదు. పుచ్చుకొనునప్పటి సేరే ఇచ్చునప్పుడును వాడవలెను. కాని సేరు ధాన్యమును కొలుచును గాని మనస్సును కొలువదు. పెద్దవానిని చెప్పులతో అవమానించుట, కన్నవారు, కట్టుకొన్నవారు రెండుగ చీలుట ఏ లెక్కలోను ఒప్పు కాజాలదు. పదవి పోవుట చట్టప్రకారము జరుగవచ్చును. మర్యాద పోగొట్టుటకు ఏ చట్టమును అనుమతి ఈయలేదు. అట్లే, సహచరుల మాట వినక ఒంటరిగ నడచిన నాయకుడు ఒకనాడు ఒంటరిగనే నిలువవలసి వచ్చుననియు ఈ కథ చెప్పుచున్నది.

పదవి పోయిన అయిదు నెలలలోపే, 1996 జనవరి 18వ తేదీన, రామారావుగారు హృద్రోగముతో స్వర్గస్థులైరి. మరల ప్రజల యొద్దకు పోయి తీర్పు కోరవలెనను వారి కోరిక తీరలేదు. 1999 ఎన్నికలలో ప్రజలు చంద్రబాబునాయుడుగారి నాయకత్వమునకే 180 స్థానములిచ్చిరి. అయినను ఆ పార్టీవారు ప్రతి వేదికపైన రామారావుగారి చిత్రపటమునే నిలుపుచుండిరి. దింపినవారును వారి పేరు లేక నడువలేకపోయిరి.

బాలబాలికలారా! మీరు పదునెనిమిది యేండ్లు నిండిన పిదప ఓటు వేయుదురు. మన ఊరి పంచాయతి మొదలు ఢిల్లీ వరకు మీరు కూర్చుండబెట్టిన వారిని ఎవరైన దింపుదురని విన్ననాడు, దిగినవాడు మనవాడా, పరాయివాడా యని మొదట అడుగకుడు. మన భాష వాడా, కాడా యనియు అడుగకుడు. లెక్క ఎచ్చట వేసిరి, ఎవరి కన్నుల ఎదుట వేసిరి యని అడుగుడు. మనము ఈ జిల్లాలో తెలుగు చదువుకొనువారము, సంఖ్యలో కొద్దివారము. లెక్క సరిగా, బహిరంగముగ జరుగవలెనను పట్టు అందరికంటె మనకే ఎక్కువ అవసరము. రామారావుగారి జీవితమున మేము మీకొరకు ఏరి తెచ్చినది ఈ ఒక్క గింజయే. దీనిని మీ ఇండ్లలో పెద్దలతో కలసి విచారింపుడు.