ఒకే రేటు సమానత్వమా?

ఆదాయం ఎంతున్నా అందరికీ ఒకే పన్ను రేటు ఉండాలన్న వాదన విద్యావంతుల మధ్య తరచూ వినిపిస్తున్నది. లెక్క సులువవుతుందని, అందరినీ సమానంగా చూసినట్టవుతుందని దాని సమర్థకులు చెబుతారు. ఒకే రేటును సమానత్వమని పిలవవచ్చునా అన్న ప్రశ్నను దాదాపు నూరేళ్ల కిందటే బొంబాయి శాసనమండలిలో లేవనెత్తినవారు బాబాసాహెబ్ అంబేడ్కర్. రాజ్యాంగ నిర్మాతగా, కుల నిర్మూలనవాదిగా మనం స్మరించే ఆయన ప్రభుత్వ ఆదాయ వ్యయాలను లోతుగా శోధించిన ఆర్థికవేత్త కూడా.

1891 ఏప్రిల్ 14న మహూలో సైనిక సుబేదారు రాంజీ సక్పాల్ ఇంట ఆయన జన్మించారు. బడిలో తోటి పిల్లలకు దూరంగా గోనెపట్టాపై కూర్చొని చదువుకున్నారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకారవేతనంతో 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అమెరికా రాజ్యాంగానికి పదహారవ సవరణ ఆమోదం పొంది, కేంద్ర ప్రభుత్వ ఆదాయపు పన్నుకు మార్గం సుగమమైన సంవత్సరమే అది. ఆదాయం పెరిగేకొద్దీ రేటు పెరిగే పురోగామి పన్నుల విధానంపై ప్రామాణిక గ్రంథం రాసిన ఎడ్విన్ సెలిగ్మన్ అక్కడ ఆయనకు గురువు. లండన్‌లో రూపాయి సమస్యపై పరిశోధించి 1923లో డీఎస్సీ పట్టా అందుకున్నారు. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ద్రవ్య వ్యవస్థ పరిణామంపై ఆయన రాసిన గ్రంథం 1925లో సెలిగ్మన్ ముందుమాటతో వెలువడింది. భూమిశిస్తు సేద్యాన్ని ఎలా కుంగదీసిందో, ఉప్పు పన్ను పేదవాడిని ఎలా పీడించిందో అందులో విశ్లేషించారు.

ఈ విద్వత్తు 1927 ఫిబ్రవరి 24న బడ్జెట్ చర్చలో ప్రజల పక్షాన పలికింది. అప్పటి ఆదాయపు పన్నులో చిన్న ఆదాయాలకు మినహాయింపు ఉండేది, పై ఆదాయాలకు రేటు పెరిగేది. భూమిశిస్తుకు అటువంటి విచక్షణ లేదు. ఎకరం దున్నే రైతుకూ నూరెకరాల ఆసామికీ అదే పద్ధతి. పంట పండినా ఎండినా శిస్తు చెల్లించవలసిందే. ధనికుడి ఆదాయాన్ని తూచి పన్ను వేసే ప్రభుత్వం పేదరైతు విషయంలో ఆ త్రాసును పక్కన పెట్టడమేమిటన్నది అంబేడ్కర్ అభ్యంతరం. పన్ను చెల్లించేవాడి తాహతును బట్టి ఉండాలన్నది ఆయన సూత్రం.

నెల తిరగకముందే, మార్చి 20న, ఆయన మహద్‌లో చౌదార్ చెరువు నీటిని దోసిట పట్టారు. ప్రజాధనంతో నిర్వహించే జలవనరులు అస్పృశ్యులకూ చెందుతాయని శాసనమండలి 1923లోనే తీర్మానించింది. అయినా అగ్రకులాలు వారిని ఆ నీటి దరి చేరనీయలేదు. పన్ను పైసకు లేని అంటు, చెరువు నీటికి వచ్చింది.

1928లో ఆయన మహర్ వతన్ వ్యవస్థ సంస్కరణకు బిల్లు ప్రవేశపెట్టారు. కాస్త ఇనాం భూమి, ఊరివారిచ్చే గింజలు చూపి మహర్ కుటుంబాలతో వేళాపాళా లేకుండా సర్కారు చాకిరీ చేయించుకునే వ్యవస్థ అది. జగిత్యాల, సిరిసిల్ల పాఠకులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మన గడీల ముందు సాగిన వెట్టి దానికి సోదరే. కులాన్ని బట్టి విధించి, చెమట రూపంలో వసూలు చేసిన పన్ను వెట్టి. దానికి మినహాయింపు పరిమితి ఏనాడూ లేదు. 1978 సెప్టెంబర్ 7 నాటి జగిత్యాల జైత్రయాత్ర ఆ వసూలుపై కూలీల తిరుగుబాటు. ఆ ఏడాదే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

1937లో కొంకణ ప్రాంతపు ఖోతీ భూస్వామ్యం రద్దుకు అంబేడ్కర్ మరో బిల్లు తెచ్చారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో, రాజకీయ సమానత్వం పక్కనే సాంఘిక, ఆర్థిక అసమానత కొనసాగితే ప్రజాస్వామ్య సౌధమే కూలుతుందని హెచ్చరించారు. 1956 డిసెంబర్ 6న కన్నుమూసే నాటికీ ఆ వైరుధ్యం తీరలేదు.

నేటికీ తీరలేదు. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు, కోరుట్ల బీడీ కార్మికురాలు ఆదాయపు పన్ను కట్టకపోవచ్చు. కానీ సబ్బు కొన్నా చెప్పులు కొన్నా కోటీశ్వరుడు చెల్లించే రేటుకే జీఎస్టీ చెల్లిస్తున్నారు. ఒకే రేటు ఇప్పటికే వారి నెత్తిన ఉంది. దాని బరువును కొంతైనా సరిదిద్దేది పురోగామి ఆదాయపు పన్నే. పేదలకు మినహాయింపు ఇచ్చి మిగతావారికి ఒకే రేటు పెడితే చాలదా అని అడగవచ్చు. అప్పుడు కలిసివచ్చేది శిఖరాన ఉన్నవారికి. ఖజానాలో పడే లోటు మధ్యతరగతిపైనో, సంక్షేమంపైనో పడుతుంది. 2001లో 13 శాతం ఏకరేటు తెచ్చిన రష్యా సైతం 2021లో అధికాదాయాలకు హెచ్చు రేటు విధించింది.

కులాన్ని అంబేడ్కర్ శ్రేణీకృత అసమానతగా నిర్వచించారు. మెట్లుమెట్లుగా పేర్చిన అన్యాయాన్ని మెట్లులేని కొలమానంతో సరిచేయలేం. రిజర్వేషన్లు ఎందుకు, అందరికీ ఒకే ప్రమాణం చాలదా అనే గొంతుకూ, అందరికీ ఒకే పన్ను రేటు చాలదా అనే గొంతుకూ మూలం ఒక్కటే. పరుగు ఎక్కడ మొదలైందో చూడకుండా గీత ఒక్కటేనని చూపడం సమానత్వం కాదు. ఈ వాదన మీ తరగతి గదిలో వినిపించిన రోజున, ఎవరి తాహతు ఎంత, అది ఎలా వచ్చింది అని అడగండి. ఆర్థికవేత్త అంబేడ్కర్ అడిగిన ప్రశ్న అదే.