లాజరినో కొమినాజ్జో

లాజరినో కొమినాజ్జో 17వ శతాబ్దానికి చెందిన ఇటలీ తుపాకీ గొట్టాల నిపుణుడు. ఉత్తర ఇటలీలో బ్రెషా నగరానికి ఉత్తరాన, ట్రోంపియా లోయలో ఉన్న గార్డోనే ఇతని స్వస్థలం. పలుచగా, తేలికగా ఉంటూనే మందుగుండు ఒత్తిడికి తట్టుకొనే గొట్టాలను తయారు చేయడంలో ఇతడు ఐరోపా అంతటా ప్రసిద్ధి చెందాడు. ఇతని మరణానంతరం కూడా ఇతనితో ఏ సంబంధమూ లేని అనేక తుపాకులపై ఇతని పేరు చెక్కబడింది. అందువలన పాత ఇటలీ తుపాకీని ఎవరు తయారు చేశారో తేల్చవలసి వచ్చినప్పుడు ఈ పేరు ఎంత ఉపయోగపడుతుందో అంతగా తప్పుదారి కూడా పట్టిస్తుంది.

గార్డోనే, అక్కడి వృత్తి

తుపాకుల తయారీకి కావలసిన మూడు వనరులూ ట్రోంపియా లోయలో ఒకే చోట లభించేవి. లోయ ఎగువ భాగంలోని బొవేన్యో, కొల్లియో గ్రామాల గనులలో సిడరైట్ అనే ఇనుప ఖనిజం దొరికేది. కొండలపై అడవుల నుండి బొగ్గులు వచ్చేవి. మెల్లా నది ప్రవాహం పెద్ద సుత్తెలను, తొలిచే యంత్రాలను తిప్పేది. 15వ శతాబ్దం నుండి 1797 వరకు ఈ ప్రాంతం వెనిస్ గణతంత్రం పాలనలో ఉండేది. వెనిస్ ఆయుధాగారానికి గార్డోనే నుండి గొట్టాలు సరఫరా అయ్యేవి. 1526లో గార్డోనేకు చెందిన బార్టొలోమియో బెరెట్టా 185 గొట్టాలను ఆ ఆయుధాగారానికి అమ్మి 296 డుకాట్లు పొందినట్లు తెలిపే పత్రం నేటికీ ఉన్నది. ప్రస్తుత బెరెట్టా సంస్థ తన చరిత్రను ఆ సంవత్సరం నుండే లెక్కిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. ఆ కాలంలో ఒక తుపాకీని ఒకే మనిషి చేసేవాడు కాదు. గొట్టం ఒకరు, చెకుముకి రాయితో నిప్పు పుట్టించే యంత్రం మరొకరు, లోహపు బిగింపులు ఇంకొకరు, కొయ్య పని వేరొకరు చేసేవారు. ప్రతి పనికీ విడిగా పనివారి బృందం ఉండేది. కాబట్టి ఈ తుపాకీని చేసినది ఎవరు అనే ప్రశ్నకు చాలా సందర్భాలలో ఒక్క పేరు జవాబు కాజాలదు. కొమినాజ్జో కుటుంబం గొట్టాలు చేసే వర్గానికి చెందినది. లాజరినో పేరు గల తుపాకీ అంటే లాజరినో గొట్టం బిగించిన తుపాకీ అని మాత్రమే అర్థం.

జీవిత విశేషాలు

కొమినాజ్జోలు తరతరాలుగా గార్డోనేలో గొట్టాలు చేసిన కుటుంబం. లాజరినో అనేది లాజారో అనే పేరుకు ముద్దు రూపం. ఈ కుటుంబంలో ఒకరికి మించి లాజరినోలు ఉన్నారు. తాత సంపాదించిన కీర్తిని మనుమలు కూడా అదే సంతకంతో కొనసాగించారు. దీనిని మోసం అనలేము, ఎందుకంటే ఆ ఇంటి కొలిమికి ఆ పేరు ఒక వ్యాపార చిహ్నం వంటిది. కాని చరిత్రకారులకు ఇది పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది.

గొట్టం తయారీ చాలా శ్రమతో కూడిన పని. ముందుగా ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి, ఒక కమ్మీ చుట్టూ మడిచి, అంచులు రెండూ కలిసేవరకు సుత్తెతో కొట్టి అతికేవారు. అతుకులో మసి గాని, చిన్న పగులు గాని మిగిలితే గొట్టం కాల్చేవాని ముఖం ముందే పేలిపోయే ప్రమాదం ఉన్నది. సాధారణ పనివారు ఈ భయంతో గొట్టాన్ని మందంగా ఉంచేవారు. లాజరినో గొట్టాలలో లోహాన్ని బయటినుండి బాగా అరగదీసి బరువు తగ్గించేవారు. లోపలి రంధ్రం తిన్నగా, నునుపుగా ఉండేది. అతుకు మీద సంపూర్ణ నమ్మకం ఉంటే తప్ప ఎవరూ ఆ సాహసం చేయరు. రోజంతా తుపాకీ భుజాన వేసుకొని తిరిగే వేటగానికి, గుర్రంపై పోయే ప్రయాణికునికి ఈ తేలికదనం ఎంతో విలువైనది. నేటి షాట్‌గన్ వలె ఆనాటి వేట తుపాకీ గొట్టం కూడా లోపల గాడులు లేక నునుపుగా ఉండేది. దానిలో చిన్న గుళ్ళు నింపి పక్షులను కొట్టేవారు.

1645లో క్రీటు ద్వీపం కోసం వెనిస్‌కు, ఉస్మానియా సామ్రాజ్యానికి యుద్ధం మొదలై 1669 వరకు సాగింది. ఆయుధాల అవసరం పెరిగింది. నైపుణ్యం బయటకు పోకుండా తుపాకీ పనివారు ఇతర రాజ్యాలకు వలస పోరాదని వెనిస్ ఆంక్షలు విధించింది. మనుషులు లోయలోనే ఉన్నా గొట్టాలు మాత్రం ఐరోపా నలుమూలలకూ చేరాయి.

ఎవెలిన్ కొన్న తుపాకీ

లాజరినోను స్వయంగా చూసిన వారిలో ఆంగ్ల దినచర్యకారుడు జాన్ ఎవెలిన్ ఒకడు. ఇతడు 1646లో ఇటలీ నుండి స్వదేశానికి తిరిగి వెళుతూ బ్రెషాలో ఆగాడు. అక్కడ వృద్ధుడైన లాజరినో వద్ద తొమ్మిది పిస్టోల్‌లకు ఒక కార్బైన్ కొన్నాడు. పిస్టోల్ అనేది అప్పటి బంగారు నాణెం, తుపాకీ కాదు. లాజరినోతో సమానంగా పేరున్న మరో పనివాడు జాన్ బాటిస్టా ఫ్రాంకో అని కూడా ఎవెలిన్ వ్రాసుకున్నాడు. అదే ప్రయాణంలో ఆల్ప్స్ పర్వతాలలోని సింప్లన్ కనుమ వద్ద, తోటి ప్రయాణికుని కుక్క ఒక మేకను చంపినందుకు అక్కడివారు వీరిని అడ్డగించి, ఆయుధాలు లాక్కొని, జరిమానా కట్టిన తరువాతనే వదిలిపెట్టారు. ఎవెలిన్ వ్రాసిన రెండు ముక్కల వలన 1646 నాటికి లాజరినో ముసలివాడని, ఇంకా వ్యాపారంలో ఉన్నాడని స్పష్టమవుతున్నది. లోహంపై చెక్కిన వందల సంతకాలకన్నా ఈ చిన్న ప్రస్తావన ఎక్కువ నమ్మదగినది.

పేరు అపహరణ

గార్డోనే గొట్టాలు చాలావరకు విడిగానే ఎగుమతి అయ్యేవి. ఇతర దేశాల పనివారు వాటికి తమ యంత్రాన్ని, కొయ్యను బిగించి అమ్మేవారు. కొనేవారు గొట్టంపై లాజరినో పేరు కోసం వెతకడం మొదలుపెట్టగానే ఆ పేరును చెక్కేవారు కూడా తయారయ్యారు. లాజరీ కొమినాజ్ అని, లాజరినో కొమినాస్సో అని, లాజారో లాజరినో అని రకరకాల రూపాలు కనిపిస్తాయి. అయితే అక్షరాలు తప్పినంత మాత్రాన ప్రతి గొట్టమూ నకిలీ అని తీర్మానించకూడదు. ఆ కాలంలో పేర్లు వ్రాసే తీరు ఇంకా స్థిరపడలేదు.

19వ శతాబ్దంలో ఈ అపహరణ పరాకాష్ఠకు చేరింది. బెల్జియంలోని లియేజ్ నగరంలో ఆఫ్రికా వ్యాపారం కోసం చవకరకం పొడవైన తుపాకులు తయారయ్యేవి. పోర్చుగీసు పాలనలో ఉన్న అంగోలాకు పంపే తుపాకులపై, పోర్చుగల్‌లోని బ్రాగాకు చెందిన అసలైన లాజారో లాజరినో అనే అర్థం వచ్చే మాటలు చెక్కేవారు. అసలైన అనే మాటను నకిలీవారే చేర్చడం ఇక్కడి విడ్డూరం. చివరకు పోర్చుగీసు వారి వాడుకలో లాజరినా అంటే అటువంటి తుపాకీ అనే అర్థం స్థిరపడింది. ఒక మనిషి పేరు ఒక వస్తువు పేరుగా మారిపోయింది.

పేరు లేని ఇటలీ తుపాకులు

పేరున్న తుపాకీ సంగతే ఇలా ఉంటే, ఏ పేరూ లేని ఇటలీ తుపాకీని గుర్తించడం మరింత కష్టం. గార్డోనేలో తుపాకుల పటుత్వాన్ని పరీక్షించే జాతీయ కేంద్రం 1910లో ఏర్పడింది. పరీక్ష, ముద్ర తప్పనిసరి చేసే రాజశాసనం 1923 డిసెంబరు 30న వెలువడింది. అంతకుముందు చేసిన ఇటలీ తుపాకీపై పరీక్ష ముద్ర లేకపోతే ఆశ్చర్యపడవలసిన పని లేదు. తరువాతి షాట్‌గన్‌లలో గొట్టాలను కొయ్య నుండి విడదీసి అడుగు భాగం చూస్తే ముద్రలు కనిపిస్తాయి. పి.ఎస్.ఎఫ్. అనే అక్షరాలు పొగరాని మందుతో పరీక్షించారని తెలుపుతాయి. నక్షత్రం, పళ్ళచక్రం గల ముద్ర ఇటలీ గణతంత్రం చిహ్నం. పరీక్షించిన సంవత్సరాన్ని 1945 మొదటిదిగా లెక్కించి రోమన్ అంకెలలో వేసేవారు. ఆ లెక్కన పది అంటే 1954. 1975 నుండి రెండేసి అక్షరాల గుర్తులు వచ్చాయి. ఇవి తయారైన కాలాన్ని, పరీక్షించిన చోటును తెలుపుతాయి గాని, తయారీదారు పేరును తెలుపవు. ఒకే పనివాడు పలువురు వర్తకులకు పేరు వేయకుండా తుపాకులు చేసి ఇవ్వడం ఆ లోయలో మామూలు కనుక, మిగిలిన పని గొట్టాల అడుగున ఉండే చిన్న పొడి అక్షరాలను, పనితీరును, మీట నిర్మాణాన్ని ఇతర తుపాకులతో పోల్చి చూసేవారిదే.

లాజరినో గొట్టాలను పరిశీలించేవారు అనుసరించే పద్ధతి కూడా ఇదే. సంతకాన్ని చివరికి వదిలి, ముందు గొట్టం బరువు, అంచు మందం, మొదట్లో పలకలుగా ఉండి క్రమంగా గుండ్రంగా మారే తీరు, రంధ్రం తిన్నదనం చూస్తారు.

19వ శతాబ్దంలో ఇదే వంశానికి చెందిన మార్కో కొమినాజ్జీ గార్డోనే ఆయుధ పరిశ్రమ చరిత్రను వ్రాశాడు. లాజరినో కొమినాజ్జో పేరు గల తుపాకులు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం వంటి చోట్ల భద్రపరచబడి ఉన్నాయి. బ్రెషా కోటలో 1988లో ప్రారంభమైన లూయీజీ మార్జోలి ఆయుధ ప్రదర్శనశాలలో ఈ లోయలో తయారైన తుపాకులు అనేకం ఉన్నాయి.