ఓబీకి పేరు తెచ్చిన తత్సుమురా హెయిజో

జపాన్ ఆడవాళ్లు కిమోనో మీద నడుముకు చుట్టే వెడల్పాటి పట్టీని ఓబీ అంటారు. కొన్నింటి పొడవు 4 మీటర్ల పైమాటే. ఒక్కోసారి కిమోనో కంటే ఓబీ ఖరీదే ఎక్కువ. కొంగు చూసి చీర బేరమాడే మనకు ఇది వింతేం కాదు.

ఓబీ నేతకు పెట్టింది పేరు క్యోటోలోని నిషిజిన్. అక్కడ ఇంత పేరు తెచ్చుకున్న హెయిజో పుట్టుకతో నేతవారు కాదు! 1876లో ఒసాకాలో వ్యాపారుల ఇంట పుట్టారు. 1894లో, ఇరవై ఏళ్లయినా నిండకముందే, సొంతంగా పట్టుబట్టల వ్యాపారం మొదలుపెట్టారు. అమ్మకంతో ఆగలేదు, మగ్గం లోతుపాతులు పట్టుకున్నారు. పూలు ఉబ్బెత్తుగా కనిపించే కొత్త నేతలు కనిపెట్టి పేటెంట్లు తీసుకున్నారు.

ఏం లాభం? సరుకు అంగట్లోకి వచ్చిందో లేదో, నకళ్లు తయారు. మన డిజైన్ మరమగ్గం మీద దిగి సగం ధరకు అమ్ముడవుతుంటే కడుపు ఎలా మండుతుందో మనకు వేరే చెప్పాలా!

ఆయన మాత్రం పాతబట్టల వైపు మళ్లారు. నారాలోని షోసోయిన్ భాండాగారంలో 8వ శతాబ్దం నాటి పట్టుబట్టలున్నాయి. అలాంటివాటి పడుగు, పేక, నూలు పురి, రంగు అన్నీ పరిశీలించి, మళ్లీ అచ్చం అలాగే నేయించారు. చిరిగిన పీలికను చూసి మొత్తం నేతను రాబట్టడమంటే మాటలా? మగ్గం మీద కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది ఆ కష్టం.

1919లోనే ప్రసిద్ధ రచయిత అకుతగావా ఆయన ఓబీలను కళాఖండాలుగా మెచ్చుకుంటూ వ్యాసం రాశారు. 1962లో హెయిజో కన్నుమూశారు. ఆ పేరును తర్వాతి తరాల వారసులు కూడా పెట్టుకుంటూ వచ్చారు.